గైడు ‘వద్దు’ అన్నప్పుడు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా ఊడ్చేసిందో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ తుపాను విశాఖతో ఆగిపోలేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తీరం దాటి బలహీనపడ్డాక అందులో మిగిలిన తేమంతా ఉత్తరానికి పోయి, రెండు రోజుల్లో నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాలను తాకింది. ఇక్కడ వానగా కురిసింది అక్కడ మంచుగా పడింది. అక్టోబర్ 14న థొరాంగ్ లా అనే కనుమ మీదా, చుట్టుపక్కల లోయల్లోనూ 40 మందికి పైగా చనిపోయారు. విదేశాల నుంచి వచ్చిన ట్రెక్కర్లు, నేపాలీ గైడ్లు, మూటలు మోసే పోర్టర్లు, జడలబర్రెలు కాసుకునే స్థానికులు అందరూ అందులో ఉన్నారు. వందల మందిని హెలికాప్టర్లలోనో నడిపించుకునో కిందికి దించాల్సి వచ్చింది.

తుపాను సంగతి ముందే తెలియక ఇలా జరిగిందనుకోవడానికి లేదు. బంగాళాఖాతంలో పుట్టినప్పటి నుంచి దాని కదలికలు వార్తల్లోనే ఉన్నాయి. ఆ వార్తను కొండ మీది లాడ్జిల దాకా మోసుకెళ్లే ఏర్పాటే సరిగ్గా లేదు. పైగా అక్కడ అక్టోబర్ అంటే సీజన్. వానాకాలం వెళ్లిపోయి, ఆకాశం కడిగినట్టుండి, శిఖరాలన్నీ స్పష్టంగా కనిపించే నెల. ఆ నెలలో అంత మంచు పడుతుందని ఎవరూ అనుకోరు. ఆ తెల్లవారుజామున కొందరు కనుమ కింది లాడ్జిల్లోనే ఆగిపోయారు. కొందరు బయల్దేరారు. బయల్దేరిన వాళ్లలో చాలామంది కనుమ దాకా చేరారు కూడా. అవతలివైపు ముక్తినాథ్‌కి దిగే దారిలో మోకాళ్లు దాటిన మంచులో, ముందు ఏముందో కనపడక చిక్కుకుపోయారు.

చనిపోయిన వాళ్లలో గైడ్లను పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. గైడుంటే భయం లేదని సాధారణంగా అనుకుంటాం. అతను పక్కనుంటే చాలదు, అతను ‘వద్దు’ అంటే ఆ మాట చెల్లాలి. గైడుతో కొండల్లో నడిచే సెలవుల వ్యాపారంలో అసలు సరుకు ఆ ‘వద్దు’ అన్న మాటే. ఆ వ్యాపారం డబ్బు చేతులు మారే తీరు మాత్రం సరిగ్గా ఆ మాటనే బలహీనపరిచేలా ఉంది.

అన్నపూర్ణ సర్క్యూట్ అంటే ప్రపంచంలో పదో ఎత్తైన శిఖరమైన అన్నపూర్ణ (8,091 మీటర్లు) ఉన్న పర్వతశ్రేణి చుట్టూ తిరిగే దారి. విదేశీ ట్రెక్కర్లకు దీన్ని 1977లో తెరిచారు. తూర్పున మర్స్యాంగ్దీ నది వెంట పైకి నడిచి, 5,416 మీటర్ల ఎత్తున థొరాంగ్ లా దాటి, పడమటి వైపు ముక్తినాథ్ మీదుగా కాళీగండకి లోయలోకి దిగుతారు. నేపాల్‌లో ఈ తరహా నడక సెలవులను వ్యాపారంగా మొదలుపెట్టినవాడు జిమ్మీ రాబర్ట్స్. గూర్ఖా దళాల్లో పనిచేసిన బ్రిటిష్ అధికారి. 1964లో కాఠ్మాండూలో కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది మొదటి బృందాన్ని తీసుకెళ్లాడు. అప్పట్లో అది పర్వతారోహణ యాత్రకు చిన్న నకలులా ఉండేది: గుడారాలు, వంటవాళ్లు, వరసగా పోర్టర్లు. ఊళ్లలో లాడ్జిలు పెరిగాక గుడారాల అవసరం తగ్గిపోయింది. ఇప్పుడు సర్క్యూట్ పొడవునా ప్రతి రెండు మూడు గంటల నడకకి ఒక లాడ్జి తగులుతుంది.

ఈ లాడ్జిల లెక్క కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. గది అద్దె చాలా తక్కువ, ఒక్కోచోట దాదాపు ఉచితం. షరతు ఒక్కటే, రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ అక్కడే చెయ్యాలి. రాబడంతా వంటింట్లోనే. ఎత్తు పెరిగేకొద్దీ మెనూలో ధరలూ పెరుగుతాయి, ఎందుకంటే ఉప్పు దగ్గర నుంచి గ్యాస్ బండ దాకా అన్నీ కింది నుంచి రావలసిందే. పిజ్జా, పాస్తా అని రాసి ఉన్నా తెలివైనవాళ్లు దాల్‌భాత్ చెప్తారు. అన్నం, పప్పు, కూర, ఒక ఊరగాయ. అడిగితే మళ్లీ వడ్డిస్తారు, అదనంగా డబ్బు తీసుకోరు. పప్పన్నం తినే మనవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

దారి విషయానికొస్తే, అది కనిపించడానికి గైడే ఉండాలని లేదు. రాళ్ల మీద ఎరుపు తెలుపు గీతలుంటాయి, బోర్డులుంటాయి, ఫోన్లో మ్యాపు ఉంటుంది. బ్యాగు మోయడానికి పోర్టరున్నాడు, పడుకోవడానికి లాడ్జి ఉంది. మరి గైడుకి రోజుకింత అని ఇచ్చేది దేనికి? రెండింటికి. ఎంత మెల్లగా నడవాలో చెప్పడానికి, ఎప్పుడు నడవకూడదో చెప్పడానికి.

మెల్లగా నడవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిట్‌గా ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువగా పొరబడతారు. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా ఒక్కటే, 21. తగ్గేది గాలి పీడనం. థొరాంగ్ లా మీద అది సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగం. అంటే ఒక్కో ఊపిరితో లోపలికి పోయే ఆక్సిజనూ సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు గానీ దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజు కన్నా 500 మీటర్లకు మించి పైన ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలనీ వైద్యుల మాట. పగలు అంతకన్నా పైకి ఎక్కవచ్చు, రాత్రికి కిందికొచ్చి పడుకోవాలి. రోజూ జిమ్‌కి వెళ్తున్నా, పది కిలోమీటర్లు పరుగెత్తుతున్నా ఈ విషయంలో మినహాయింపు లేదు. నిజానికి ఓపిక ఉన్నవాళ్లే త్వరత్వరగా ఎక్కేసి ముందు మంచాన పడుతుంటారు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న సామెత మూడు వేల మీటర్ల పైన పనిచెయ్యదు.

మంచి గైడు పనితనం ఇక్కడే బయటపడుతుంది. ఉదాహరణకి కనుమకి ముందు వచ్చే ఊళ్లలో పిసాంగ్ నుంచి మనాంగ్‌కి రెండు దారులున్నాయి. లోయ అడుగున పోయేది చదునుగా, హాయిగా ఉంటుంది. ఎగువది ఘ్యారు, ఙావల్ ఊళ్ల మీదుగా నిట్టనిలువుగా ఎక్కి దిగుతుంది. అలసిపోయిన బృందం కింది దారే అడుగుతుంది. తెలిసిన గైడు పై దారిన తీసుకెళ్తాడు. పగలు 3,600 మీటర్లు దాటి ఎక్కి, 3,500 మీటర్ల దగ్గర మనాంగ్‌లో పడుకుంటే శరీరానికి అదే శిక్షణ. మనాంగ్‌లో ఆగే రోజు కూడా దుప్పటి కప్పుకుని పడుకునే రోజు కాదు. పొద్దున్న గంగాపూర్ణ సరస్సు పైనున్న వ్యూపాయింట్ దాకానో, ఓపికుంటే ఇంకా పైకో ఎక్కించి మధ్యాహ్నానికి దించుతారు. ఆ ఊళ్లో 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆరోగ్య కేంద్రం ఉంది. సీజన్‌లో స్వచ్ఛందంగా వచ్చే డాక్టర్లు మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బుల గురించి ఉచితంగా పాఠం చెప్తారు. గైడు చెప్తే వినని ట్రెక్కర్లు అదే మాట డాక్టరు చెప్తే నోట్సు రాసుకుంటారు.

రాత్రి భోజనాల గది చూస్తే గైడు ఎలా పని చేస్తాడో తెలుస్తుంది. మధ్యలో పొయ్యి, పైకెళ్లేకొద్దీ అందులో కట్టెలకు బదులు జడలబర్రె పిడకలు. దాని చుట్టూ తడి సాక్సులు ఆరేసి ఉంటాయి. ఎవరికేం కావాలో గైడు ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకుంటుంటాడు. వంటింటికి ఆర్డరు ఇవ్వడంతో పాటు అతను చేసే పని ఇంకొకటుంది. నిన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నవాడు ఇవాళ ‘ఆకల్లేదు, సూప్ చాలు’ అన్నాడా? జోకులేసే మనిషి మూల కూర్చుని తల పట్టుకున్నాడా? తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు జబ్బు మొదటి గుర్తులు. అనుమానం వస్తే మడమకి బొటనవేలు ఆనించి సరళరేఖ మీద నడవమంటాడు. తూలితే మెదడులో నీరు చేరుతోందేమో అని భయపడాలి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు ఆగకపోతే ఊపిరితిత్తుల్లో నీరు. రెండూ ప్రాణాంతకమే. రెండింటికీ మొదటి వైద్యం ఒక్కటే, ఆ రాత్రికి రాత్రే అయినా సరే కిందికి దిగిపోవడం. డయమాక్స్ లాంటి మాత్రలు శరీరం అలవాటు పడటానికి సాయపడతాయి. అవి వేసుకుంటూ పైకి పోతూనే ఉండవచ్చని మాత్రం కాదు.

ఇదంతా తెలిసిన గైడు ‘రేపు మనం పైకి పోవట్లేదు’ అన్నాడనుకుందాం. అప్పుడేమవుతుంది?

ఎదురుగా ఉన్న ట్రెక్కరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మేనేజరుని బతిమాలి తొమ్మిది రోజులు సెలవు తెచ్చుకున్నాడు. సోమవారం పొద్దున్న లాగిన్ కావాలి. తిరుగు టికెట్ మార్చుకోవాలంటే డబ్బు పోతుంది. బృందంలో మిగతా ఎనిమిది మందికి బాగానే ఉంది. వాళ్లు ఒక్కడి కోసం ఆగాలా? ఆఫీసులో అందరికీ కనుమ ఎక్కుతున్నానని చెప్పేసి వచ్చాడు, ఫొటో లేకుండా తిరిగి వెళ్లాలంటే అదో చిన్నతనం. గైడు పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అతనికి రోజు కూలి ఏజెన్సీ ఇస్తుంది, కానీ చేతికి అందే డబ్బులో చెప్పుకోదగ్గ భాగం ఆఖరి రోజున బృందం పోగు చేసి ఇచ్చే టిప్పు. కనుమ దాటించిన గైడుకి ఇచ్చినట్టు మధ్యలోంచి వెనక్కి తిప్పిన గైడుకి ఇవ్వరు. ఏజెన్సీకి ఇంటర్నెట్‌లో వచ్చే రివ్యూలు కావాలి. ‘గైడు భయస్థుడు, డబ్బు దండగ’ అని ఒక్కరు రాస్తే వచ్చే సీజన్‌లో పని దొరకదేమోనన్న టెన్షన్ అతనిది. అంటే ప్రాణం కాపాడే మాట అనవలసిన మనిషికి, ఆ మాట అంటే నష్టం, అనకపోతే లాభం. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, లెక్కే అలా కుదిరింది.

రోడ్డు వచ్చాక ఈ లెక్క ఇంకా బిగుసుకుంది. ఒకప్పుడు సర్క్యూట్ అంతా నడిస్తే మూడు వారాలు పట్టేది. ఆ నెమ్మదే రక్షణ, ఎవరూ చెప్పకుండానే శరీరం అలవాటు పడిపోయేది. ఇప్పుడు సర్క్యూట్ మొదలయ్యే బెసీసహర్ నుంచి మనాంగ్ దాకా జీపు రోడ్డుంది, అవతల ముక్తినాథ్ దాకా బస్సులున్నాయి. నడక మిగిలింది మధ్యలోని ఎత్తైన ముక్కే. పది రోజుల్లో పూర్తి అని ప్యాకేజీలు అమ్ముతున్నారు, ఐటీ ఉద్యోగి సెలవుకి సరిగ్గా సరిపోతుంది కూడా. దుమ్ము, వేడి, జలగలు ఉన్న కింది అడవుల నడక పోయిందని సంతోషించేవాళ్లూ ఉన్నారు. దానితో పాటు పోయినవి శరీరం కుదురుకోవడానికి ఉపయోగపడే రోజులు. అందుకే ఏ ప్యాకేజీ కాగితం చూసినా మొత్తం ఎన్ని రోజులన్నది పెద్ద విషయం కాదు. మనాంగ్‌లో రెండు రాత్రులున్నాయా, అక్కడి నుంచి యాక్ ఖర్కా, థొరాంగ్ ఫేదీ రెండు చోట్లా పడుకునేలా ఉందా, కనుమకి ముందు ఎక్కడో ఒక ఖాళీ రోజు ఉందా? ఆ ఖాళీ రోజే గైడు మాటకి బలం. వాతావరణం చెడితే అతను ‘ఇవాళ వద్దు, రేపు పోదాం’ అనగలడు. ఖాళీ లేకపోతే ‘ఇవాళ వద్దు’ అంటే ‘ఇక వద్దు’ అనే అర్థం, దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

పోర్టర్ల సంగతి ఇలాంటి వ్యాసాల్లో చివర్న రెండు ముక్కల్లో ముగిస్తుంటారు. అది న్యాయం కాదు. వెదురుతో అల్లిన డోకో బుట్ట వీపున, దాని బరువంతా నుదుటి మీదికి తెచ్చే నామ్లో పట్టీ, ఆగినప్పుడు బుట్ట ఆనించుకోవడానికి చేతిలో టీ ఆకారపు పొట్టి కర్ర. ఇద్దరు ట్రెక్కర్ల బ్యాగులు కలిపి ఒకరు మోస్తారు. 30 కిలోలు దాటకూడదన్నది నేపాల్‌లో అందరూ ఒప్పుకున్న హద్దు, అది అన్నిచోట్లా పాటిస్తున్నారని చెప్పలేం. పోర్టరంటే కొండమనిషి, అతనికి ఎత్తు పడుతుందని ఇంకో అపోహ. ఈ దారుల్లో మోసేవాళ్లలో చాలామంది దిగువ కొండల రైతు కుటుంబాల నుంచి సీజన్‌కి వచ్చినవాళ్లు. వాళ్ల ఊళ్లు వెయ్యి, రెండు వేల మీటర్ల ఎత్తున ఉంటాయి. ఎత్తు జబ్బు వాళ్లకీ వస్తుంది, వచ్చినా కూలి పోతుందని చెప్పుకోరు. జబ్బుపడ్డ పోర్టరుని ఒంటరిగా కిందికి పంపేస్తే దారిలో చనిపోయిన ఉదంతాలున్నాయి. అలాంటి ఒక చావు చూసి కదిలినవాళ్లే 1997లో పోర్టర్ల రక్షణకు ఒక అంతర్జాతీయ బృందం పెట్టారు. కాఠ్మాండూలో కీప్ అనే సంస్థ పోర్టర్లకు జాకెట్లు, బూట్లు అరువిస్తుంది. ఏజెన్సీని అడగవలసిన ప్రశ్నల్లో ‘నా పోర్టరుకి ఇన్సూరెన్సు ఉందా, చలిబట్టలు ఎవరిస్తారు’ అన్నది ముందుండాలి. తడబడకుండా జవాబిచ్చే ఏజెన్సీ మిగతా విషయాల్లోనూ కాస్త పద్ధతిగా ఉంటుందని అనుకోవచ్చు.

మనవాళ్లు గమనించని సంగతి ఇంకోటుంది. దసరా సెలవులు కలిసొస్తాయని మనం టికెట్లు తీసుకునే రోజుల్లోనే నేపాల్‌లో దశైన్. ఏడాదికి అతి పెద్ద పండగ, ఎక్కడెక్కడి వాళ్లూ ఇంటికి చేరి పెద్దల చేత నుదుట టీకా పెట్టించుకునే రోజులు. ఆ రోజుల్లో మన బ్యాగు మోస్తున్నవాడు పండగ మానుకుని వచ్చాడన్నమాట. ఆ వారం మనుషులు దొరకడం కష్టం కాబట్టి అనుభవం లేనివాళ్లను కూడా ఏజెన్సీలు పంపే అవకాశం ఎక్కువ. పండగ దాటి రెండో వారంలో బయల్దేరితే రెండు రకాలుగా మంచిది.

హుద్‌హుద్ విషాదం తర్వాత నేపాల్‌లో చాలాకాలం చర్చ నడిచింది. చివరికి 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లు లైసెన్సున్న గైడు లేకుండా వెళ్లకూడదని నేపాల్ టూరిజం బోర్డు నిబంధన తెచ్చింది. ఒంటరిగా వెళ్లి కనిపించకుండా పోయేవాళ్ల గురించి బోర్డు బాధ నిజమే. కానీ ఎవరెస్ట్ ప్రాంతంలోని స్థానిక ప్రభుత్వం దీన్ని బాహాటంగా వ్యతిరేకించింది, మిగతా చోట్ల కూడా అమలు అంతంతమాత్రమే. గైడ్లకు పని దొరుకుతుంది కాబట్టి మంచి నిబంధనే అనవచ్చు. దీనివల్ల గైడు మాటకి విలువ పెరిగిందా అంటే, లేదు. తప్పనిసరి గనక పెట్టుకున్న గైడుని చాలామంది పర్మిట్‌లో ఒక కాగితంలాగే చూస్తారు.

గైడు ‘దిగిపోదాం’ అనడంలోనూ మోసం జరగవచ్చని 2018లో బయటపడింది. ట్రెక్కర్లకి అవసరం లేకపోయినా హెలికాప్టర్ పిలిపించి, ఆసుపత్రిలో చేర్పించి, విదేశీ ఇన్సూరెన్సు కంపెనీల దగ్గర లక్షల్లో బిల్లులు వసూలు చేసే దందా మీద నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. హెలికాప్టర్ కంపెనీలు, ట్రెక్కింగ్ ఏజెన్సీలు, ఆసుపత్రులు కమీషన్లు పంచుకున్నాయని తేలింది. కొన్నిచోట్ల తిండిలో ఏవో కలిపి జబ్బు చేయించారన్న ఆరోపణలు కూడా వచ్చాయి. అంటే కనుమ దాటితే టిప్పు, హెలికాప్టర్ ఎక్కిస్తే కమీషన్. నిజాయితీగా ఒక రోజు ఆగుదామన్న గైడుకి మాత్రం ఎవరూ పైసా అదనంగా ఇవ్వరు. ఇది మార్చడం ట్రెక్కర్ల చేతిలో ఉన్న పనే. టిప్పు ఎంత ఇస్తారో బయల్దేరే ముందే బృందంలో మాట్లాడుకుని, కనుమ దాటినా దాటకపోయినా అంతే అని మొదటి రోజే గైడుకి చెప్పేస్తే సరిపోతుంది. ఇన్సూరెన్సు పాలసీ కూడా ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో చూసుకుని తీసుకోవాలి. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు థొరాంగ్ లా ఎత్తుకి పనికిరావు.

ట్రెక్కర్లకి కనీసం గైడున్నాడు. కనుమకి అవతల, అదే ముక్తినాథ్‌కి, వేలమంది తెలుగువాళ్లు ఏ గైడూ లేకుండా చేరుకుంటున్నారు. 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికే కాళీగండకి లోయకి పైన ఉన్న క్షేత్రం. వైష్ణవ కుటుంబాల్లో ఒక్కసారైనా చూడాలనుకునే చోటు. హైదరాబాద్, విజయవాడల నుంచి ప్యాకేజీ యాత్రలు నడుస్తుంటాయి. అరవై, డెబ్భై ఏళ్లవాళ్లు, బీపీ, షుగర్ మాత్రలు సంచీలో పెట్టుకుని బయల్దేరతారు. పోఖరా ఉన్నది సుమారు 800 మీటర్ల ఎత్తున, ముక్తినాథ్ గుడి 3,700 మీటర్ల పైన. ట్రెక్కరు వారం రోజుల్లో ఎక్కే ఎత్తుని వీళ్లు జీపులో ఒక్క రోజులో ఎక్కేస్తారు. ఎక్కాక పైన 108 ధారల మంచునీళ్ల కింద తలస్నానం. ఆయాసం వస్తే వయసు వల్ల అనుకుంటారు, తలనొప్పి వస్తే ప్రయాణ బడలిక అనుకుంటారు.

వీళ్లకి చెయ్యగలిగింది పెద్ద పనేం కాదు. ప్యాకేజీ కాగితంలో పోఖరా నుంచి బయల్దేరిన రాత్రి ఎక్కడ పడుకోబెడుతున్నారో చూడాలి. రాణీపౌవా (గుడి కిందనే ఉన్న ఊరు) అనో ముక్తినాథ్ అనో ఉంటే మార్పించాలి. ఆ రాత్రి జొమ్‌సొమ్‌లో గానీ, ఇంకా కింద మార్ఫాలో గానీ ఉండి, పొద్దున్నే పైకి వెళ్లి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం గాలి లేచేలోపు మళ్లీ కిందికి దిగిపోవచ్చు. రెండు ఊళ్లూ 2,700 మీటర్లకి కొంచెం అటూఇటూగా ఉంటాయి. నిర్వాహకుడు టైము కుదరదంటే, మిగతా కార్యక్రమంలోంచి పోఖరాలో షాపింగు పూట ఒకటి తీసేయమని అడగవచ్చు.